హేలీ విలియమ్స్ సోలో ఆల్బమ్‌లో గిటార్ ఎందుకు వెనక్కి తగ్గింది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. నేను హేలీ పాడే అమెరికన్ రాక్ బ్యాండ్ పారామోర్‌ని 2007 నాటి 'రయట్!' ఆల్బమ్ నుంచి వింటున్నాను. డ్రమ్స్, గిటార్ హోరు మీద హేలీ గొంతు అంత పైస్థాయికి వెళ్లి నిలబడటమే నాకు ప్రాణం. ఇప్పుడు ఆవిడ మొదటి సోలో ఆల్బమ్ 'పెటల్స్ ఫర్ ఆర్మర్' (2020) పట్టుకున్నాను. నచ్చింది, కానీ ఒకటి అర్థం కావట్లేదు.

దీనికి ప్రొడ్యూసర్ టేలర్ యార్క్, అంటే ఆ బ్యాండ్ గిటారిస్టే. అయినా గిటార్ చాలా చోట్ల వెనకే ఉండిపోతుంది, మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ ముందుకొస్తుంది. 'సిమ్మర్' మొదట్లో వినండి, ఊపిరి చప్పుడునే తాళంలా వాడుకున్నారు. కోపం గురించిన పాట, అయినా అరుపు లేదు. అణచిపెట్టి పాడింది కాబట్టే ఇంకా గట్టిగా తగిలింది నాకు.

సంగీతం నేర్చుకున్నవాళ్లు, మిక్సింగ్ పని తెలిసినవాళ్లు కాస్త వివరించండి. ఈ తేడా ఆవిడ గొంతును కింది స్థాయిలో వాడటం వల్లా, రికార్డింగ్ పద్ధతి వల్లా? 2017లో వచ్చిన బ్యాండ్ ఆల్బమ్ 'ఆఫ్టర్ లాఫ్టర్'లోనే సింథ్‌లు (ఎలక్ట్రానిక్ కీబోర్డు శబ్దాలు) పెరిగాయి కదా, ఈ మార్పు అక్కడే మొదలైందంటారా?

ఇంకొకటి. 2021లో వాయిద్యాలన్నీ తనే వాయించుకుని చేసిన రెండో సోలో ఆల్బమ్ ముందు వినాలా, 2023లో బ్యాండ్ తెచ్చిన 'దిస్ ఈజ్ వై' ముందా? రెండూ విన్నవాళ్లు మీ కారణం కూడా రాయండి, ప్లీజ్.