అప్‌డేట్: నాన్నకి చప్పుడు చెయ్యని వాచీ దొరికింది

గ్లకోమాతో చూపు పోయిన మా నాన్నకి, నలుగురిలో గట్టిగా టైం చెప్పేసే టాకింగ్ వాచీ కాకుండా తడిమి చూసుకునేది ఏదైనా ఉందా అని అడిగాను కదా, మీలో చాలామంది చెప్పిన ఈవన్ అనే కంపెనీ వాళ్ల బ్రాడ్లీ వాచీయే తీసుకున్నాం. దీనికి ముళ్లుండవు. నిమిషాలకి డయల్ మీద గాడిలో ఒక చిన్న స్టీలు గుండు, గంటలకి వాచీ అంచు చుట్టూ ఇంకోటి, లోపలి అయస్కాంతాలు వాటిని తిప్పుతాయి. 12 దగ్గర త్రికోణం, మిగతా చోట్ల ఉబ్బెత్తు గీతలు. వేలు గట్టిగా తగిలితే గుండు జరిగిపోతుంది, మొదట్లో నాన్న దానికే టెన్షన్ పడ్డారు, కానీ మణికట్టు కాస్త విదిలిస్తే మళ్లీ దాని చోటికి వచ్చేస్తుంది. మొన్న పెళ్లిలో కూర్చున్న చోటే టైం తడిమేసుకుని, ముహూర్తం దాటిపోతోందని అమ్మ చెవిలో ఒకటే సణుగుడు!

ఈ వాచీకి ఎవరి పేరు పెట్టారో ఆ బ్రాడ్లీ ఎవరంటే, 2011లో అఫ్ఘానిస్తాన్‌లో పేలుడులో చూపు పోయి, మరుసటేడే లండన్ పారాలింపిక్స్ ఈతలో బంగారు పతకం కొట్టిన అమెరికా నేవీ అధికారి బ్రాడ్లీ స్నైడర్.

హెచ్ఎంటీ బ్రెయిలీ వాచీ చెప్పినవాళ్లకి థాంక్స్, కానీ అద్దం మూత తీసి ముళ్లు తడమాలంటే అవి వంగిపోతాయేమోనని నాన్నకి భయం. బ్రాడ్లీ రేటు మాత్రం బాగా ఎక్కువ. ఆయనకి సగమే చెప్పాం.