తిరుమల ఘాట్‌లో తిరిగే కారుకు ఏబీఎస్ ఫ్యూజ్ పీకేయొచ్చా?

ప్రశ్న, తిరుపతి
మాది పాత హ్యాచ్‌బ్యాక్. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగబోతుంటే బ్రేక్ పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటోంది, కారు రెండడుగులు ముందుకు పోయి ఆగుతోంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు తిరగడం ఆగిపోయి జారకుండా, అంటే లాక్ కాకుండా, చూసే ఏర్పాటు) యూనిట్ మార్చాలంటే బోలెడు ఖర్చట. షెడ్డులో మాత్రం ఫ్యూజ్ పీకేస్తే పీడ వదులుతుందన్నారు. కొండకు తరచూ వెళ్తుంటాం. ఏం చేయమంటారు?

జవాబు, చిత్తూరు
పీకేయండన్నా. మా నాన్న ఏ ఏబీఎస్సూ లేని అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి కొండెక్కి దిగాడు. మా మామిడితోట దారిలో, కంకర మీద, ఏబీఎస్ ఉన్న కారే ఆలస్యంగా ఆగుతుంది. మన కాలు చెప్పినట్టు బ్రేక్ వినాలి.

జవాబు, తిరుపతి
దయచేసి పీకొద్దు. కంకర మాట నిజమే. లాక్ అయిన చక్రం ముందు కంకర కుప్పపడి బండిని ఆపుతుంది, ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు కాబట్టి అక్కడ దూరం పెరుగుతుంది. తోట దారిలో నిదానంగా పోతే సరిపోతుంది.

అంబాసిడర్‌తో పోలిక మాత్రం కుదరదు. ఆ కార్లలో ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత బ్రేక్ పడాలో విడిభాగాల కొలతల్లోనే తేల్చి పెట్టేవారు. ఇప్పటి చాలా కార్లలో ఆ పని ఈబీడీ అనే ఏర్పాటు చేస్తుంది, అదుండేది ఏబీఎస్ యూనిట్‌లోనే. ఫ్యూజ్ పీకితే రెండూ పోతాయి. ఇక కొండ దిగుతూ గట్టిగా తొక్కారనుకోండి, బరువంతా ముందుకొచ్చి వెనక భాగం తేలికవుతుంది. వెనక చక్రాలు ముందే లాక్ అయ్యాయంటే కారు అడ్డం తిరుగుతుంది. మనం దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. పైగా మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. తడి రోడ్డు మీద ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు నేరుగానే పోతుంది. బ్రేక్ తొక్కుతూ కూడా బండిని తిప్పుకోగలగడం, ఏబీఎస్ ఉన్నది అందుకే.

మీ కారు లక్షణం చూస్తే, యూనిట్ కన్నా ముందుగా, చక్రాల దగ్గర వేగం కొలిచే సెన్సర్లను అనుమానించాలి. స్కానర్ పెట్టించి, నాలుగు చక్రాల వేగం తెరమీద కనబడేలా ఉంచి, కారును మెల్లగా నడిపించండి. మూడు చక్రాలు పది చూపిస్తుంటే ఒకటి ఉన్నట్టుండి సున్నాకు పడిపోతుందా? దొంగ దొరికినట్టే. ఆ చక్రం లాక్ అయిందనుకుని ఏబీఎస్ బ్రేక్ వదిలేస్తోంది. వేగం కోసం సెన్సర్ చదివే పళ్ల రింగు చిట్లిందో, సెన్సర్‌కు తుప్పో ఇనుప రజనో పట్టిందో చూస్తే తెలుస్తుంది. యూనిట్ ఖర్చుతో పోలిస్తే ఇది చిన్న పని.

జవాబు, చిత్తూరు
ఈబీడీ సంగతి ఒప్పుకుంటా. కానీ సెన్సర్ అబద్ధం చెప్పి బ్రేక్ వదిలేస్తుంటే, అసలు లేకపోవడమే మేలు కదా?

జవాబు, తిరుపతి
బ్రేక్ వదిలేయడం ప్రమాదమేనన్నా, కాదనను. అందుకే రిపేరయ్యేదాకా కొండకు బస్సులో వెళ్లమంటాను. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారంటే ఊరికే చేయలేదు. ఇంకో మాట, ప్రశ్న అడిగినవారికి: ఏబీఎస్ లైటొక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. దాంతోపాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే ఈబీడీ కూడా పోయి ఉండొచ్చు, బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు. అప్పుడు అలిపిరి దాటొద్దు, బండిని అక్కడే పక్కన పెట్టేయండి.