సంఘానికి కొత్త కార్యక్రమాలు కావాలా, ఉన్నవే తగ్గించుకోవాలా?

సండే స్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. సంఘ జీవితం ఇంకా బలపడాలంటే ఏం చేయాలో చెప్పమని మా కమిటీ ఆరాధన మందిరంలో ఒక పెట్టె పెట్టింది. వచ్చిన చీటీలు చదివే పని నాకు అప్పగించారు. ప్రత్యేక కూటాలు, యువజన శిబిరం, పాటల పోటీ, కొత్త సౌండ్ సిస్టం... దాదాపు అన్నీ ఇలాంటివే. ఒక్క చీటీ మాత్రం వేరుగా ఉంది: "నేను రాని ఆదివారాలు ఎవరికీ తెలియలేదు."

మిగతా చీటీలన్నిటికంటే నాకు ఇదే విలువైనది అనిపించింది. కార్యక్రమం ఏదైనా బరువు మోసేది మళ్లీ ఆ కొద్దిమందే. కుర్చీలు వేసేదీ వాళ్లే, పాడేదీ వాళ్లే, చివర్లో తాళం వేసేదీ వాళ్లే. మిగతావాళ్లు వచ్చి, కూర్చుని, వెళ్లిపోతారు. అందుకే ఒక ఏడాదిపాటు కొత్తవేవీ మొదలుపెట్టకుండా, ఉన్నవాటిలో కొన్నిటిని ఆపి, ఆ సమయం మనుషులకు ఇద్దామని నా ప్రతిపాదన. మీరేమంటారు?

యువజన కార్యదర్శి:
సిస్టర్, మీ బాధ అర్థమైంది కానీ ప్రతిపాదన ఒప్పుకోలేను. మీరు నడుపుతున్న సండే స్కూల్ కూడా ఒకప్పుడు కొత్త కార్యక్రమమే కదా. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు, వారమంతా పనిచేసే పేద పిల్లలకు ఖాళీ దొరికేది ఆదివారమే. ఆ రోజున చదువు చెబితే విశ్రాంతి దినాన్ని మీరినట్టేనని భక్తిపరులే అభ్యంతరం చెప్పారు. ఆయన వాళ్ల మాట విని ఊరుకుంటే మీ తరగతి ఎక్కడిది? ఆపేద్దాం అనడం తేలిక. యవ్వనస్థులకు చేయడానికి పనేమీ లేకపోతే నెమ్మదిగా బయటికి వెళ్లిపోతారు. అలా వెళ్లినవాళ్ల పేర్లు నా దగ్గర ఉన్నాయి.

సంఘ పెద్ద:
ఇద్దరికీ వందనాలు. నా భయం వేరు. అపొస్తలుల కార్యములు 2:42లో ఆది సంఘం నాలుగు విషయాల్లో ఎడతెగక ఉందని రాసి ఉంది: బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన. ఐదోది వెతుక్కునే ముందు ఈ నాలుగూ సరిగా జరుగుతున్నాయా? కొత్తదనం పేరుతో ఆరాధనను ప్రదర్శనగా మార్చిన చోట్లు చూశాను. దీపాలూ తెరలూ పెరిగాయి, ప్రసంగ సమయం తగ్గింది. తగ్గించాలన్న సహోదరి మాట నాకు నచ్చింది. కానీ రాత్రి ప్రార్థన, ఉపవాస కూటం మాత్రం ముట్టుకోవద్దు.

సండే స్కూల్ టీచర్:
బ్రదర్, రైక్స్ గారి సంగతి మీరు ఎత్తడం మంచిదైంది. ఆయన ముందు వీధుల్లో తిరుగుతున్న పిల్లలను చూశారు. పని ఆ తర్వాత పుట్టింది. మనం మాత్రం ముందు కార్యక్రమం అనుకుని, తర్వాత దానికి మనుషులను వెతుకుతున్నాం.

పెద్దయ్యగారూ, మీరు చెప్పిన ఆ సంఘంలోనే ఆరో అధ్యాయానికి వచ్చేసరికి ఒక సణుగు వినబడుతుంది. రోజూ జరిగే పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు గొణిగారు. అపొస్తలులు ఆ నోళ్లు మూయించలేదు. ఏడుగురిని మీరే ఎన్నుకోండని సంఘాన్నే అడిగారు. అంత పెద్ద మార్పు మొదలైంది ఒక ఫిర్యాదుతో.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ అనుచరులు మందిరం కట్టిన అప్పు ఎలా తీర్చాలా అని కూర్చున్నారు. తలా ఒక పెన్నీ వారం వారం ఇద్దామని ఒకాయన అన్నాడు. చాలామంది బీదవాళ్లు, ఇవ్వలేరన్నారు. అందుకాయన, "అందరికంటే బీదవాళ్లను 11 మందిని నాకు అప్పగించండి. ప్రతి వారం వాళ్ల దగ్గరికి నేనే వెళ్తాను, ఇవ్వలేనివాళ్ల వంతు నేనే వేస్తాను" అన్న భావంతో జవాబిచ్చాడు. మిగతావాళ్లూ అలాగే పంచుకున్నారు. డబ్బు కోసం ఇంటింటికీ వెళ్లినవాళ్లకు ఏ ఇంట్లో గొడవ, ఎవరు తాగుడులో పడ్డారు, ఎవరి విశ్వాసం చల్లారింది, అన్నీ తెలిశాయి. పన్నెండుమంది చొప్పున ఉండే ఆ గుంపులే తర్వాత మెథడిస్టు సంఘాలకు వెన్నెముక అయ్యాయి. మనిషి ఇంకో మనిషి గడప తొక్కాడు, అంతే. నేను అడుగుతున్నదీ అదే.

యువజన కార్యదర్శి:
అది కూడా కొత్త కార్యక్రమమే కదా సిస్టర్! పేరు పెట్టలేదు, అంతే తేడా. సరే, ఇంటింటికీ వెళ్దాం. ఎవరు వెళ్తారు? మళ్లీ ఆ కొద్దిమందేనా?

నర్సుగా పనిచేసే సభ్యురాలు:
చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నాకు ఆదివారం డ్యూటీలు పడతాయి. మీరు చెప్పే శిబిరమైనా, ఉపవాస కూటమైనా, అన్నీ నేను వార్డులో ఉన్నప్పుడే జరుగుతాయి. చాలాకాలం తర్వాత మందిరానికి వస్తే, "కొత్తగా వచ్చారా?" అని తలుపు దగ్గర చెయ్యి కలిపి అడిగారు. నేను బాప్తిస్మం తీసుకున్నది ఆ మందిరంలోనే.

నాకు శిబిరం అక్కర్లేదు. వారం మధ్యలో, డ్యూటీ లేని సాయంత్రం, ముగ్గురు నలుగురు కూర్చుని ఒక అధ్యాయం చదివి, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసుకుంటే చాలు. నన్ను అడిగితే నేనూ ఏదైనా చేస్తాను. మంచం పట్టిన పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఎలా మాట్లాడాలో, ఎంతసేపు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో నాకు తెలుసు. ఆ పని నాకు ఎవరూ అప్పగించలేదు.

క్వయర్ సభ్యురాలు:
సిస్టర్, మీరు రాసింది చదివి మనసు బరువెక్కింది. మా క్వయర్ సంగతి చెబుతాను. చూపు పోయిన ఒక పెద్దావిడ వెనక వరుసలో కూర్చుంటారు. పాత కీర్తనలు చరణాలతో సహా ఆమెకు కంఠస్థం. పుస్తకంలో లేని చరణం కూడా పాడతారు. సాధనకు రమ్మని అడిగితే మొదట కాదన్నారు. తర్వాత పిల్లల మధ్య కూర్చుని ఒక్కో వరుస నేర్పారు. పిల్లలు రాగం తప్పితే వేలితో బల్లమీద తాళం వేసి ఆపేవారు. పాత పాటలా, కొత్త పాటలా అని మా మధ్య నడిచే తగువు ఆ నెలలో ఎవరూ ఎత్తలేదు. మీరు కూడివచ్చినప్పుడు ఒకరి దగ్గర కీర్తన, ఒకరి దగ్గర బోధ ఉంటుందని పౌలు కొరింథీయులకు రాశాడు కదా (1 కొరింథీ 14:26). ఉన్నవాళ్ల దగ్గర ఏముందో మనం అడగడం లేదు.

సంఘ పెద్ద:
నర్సు సహోదరికి సంఘం తరఫున క్షమాపణ చెప్పాల్సింది మేమే, పెద్దలం. హాజరు పట్టీ ఉంది, కానీ దాన్ని చూసి ఎవరూ కదలడం లేదు. ఇంటింటికీ వెళ్లే పని మొదట పెద్దలే పంచుకోవాలని ఈ వారం కూటంలో ప్రతిపాదిస్తాను. వారం మధ్య చిన్న కూటాలకూ అభ్యంతరం లేదు, వాక్యం చెప్పేవాళ్లకు కాస్త తర్ఫీదు ఇస్తే. తర్ఫీదు లేకుండా గుంపులు పెడితే తప్పు బోధ చొరబడుతుంది. ఆ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

యువజన కార్యదర్శి:
తర్ఫీదు మాకు ఇవ్వండి అయ్యగారూ, ముందు వరుసలో కూర్చుంటాం. శిబిరం మాత్రం వదలను. ఒక సంగతి అడగాలి. 1727లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరావియన్లు అనే క్రైస్తవ సమాజంవాళ్లు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు తలా ఒక గంట చొప్పున పగలూ రాత్రీ ప్రార్థన పంచుకున్నారు. అది నూరేళ్లకు పైగా సాగింది. మన రాత్రి ప్రార్థన కూడా అలా గంటల చొప్పున పంచుకుంటే ఎవరి ఇంటి నుంచి, ఎవరి డ్యూటీ నుంచి వాళ్లు చేరొచ్చు కదా?

సంఘ పెద్ద:
అందరం ఒక్కచోట మోకరించడం వేరు బాబూ. ఆ రెండూ ఒకటి కావు.

నర్సుగా పనిచేసే సభ్యురాలు:
అయ్యగారూ, ఒక్కచోటికి రాగలిగినవాళ్లు రండి. రాలేనివాళ్లకు కూడా పట్టికలో ఒక గంట ఉంచండి. తెల్లవారుజామున మూడు గంటలు నా పేరున రాయండి, ఆ సమయంలో నేను ఎలాగూ మెలకువగానే ఉంటాను.