మా వాలీబాల్ టీమ్ పేరూ, చోటూ మార్చేస్తామంటున్నారు. ఆపే దారి ఉందా?

విశాఖ గాజువాకలో మాది పాత వాలీబాల్ టీమ్. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించాం. ఇప్పుడో నాయకుడు వచ్చి, టీమ్‌ను మధురవాడకు మార్చి తన తండ్రి పేరు పెడితే కొత్త కోర్టు, జెర్సీలు ఇప్పిస్తానంటున్నాడు. మా సెక్రటరీ అప్పుడే తలూపేశాడు!

2012లో ఐపీఎల్ క్రికెట్‌లో డెక్కన్ చార్జర్స్ పోయి సన్‌రైజర్స్ వచ్చిందంటే అర్థముంది, పాత ఫ్రాంచైజీ రద్దయింది, కొత్తది సన్ టీవీ వాళ్ళు కొనుక్కున్నారు. మమ్మల్నెవరు కొన్నారండీ? నెట్ కూడా మేం చందాలేసుకుని కొన్నదే. కుర్రాళ్ళు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ దిగి ఆటకొస్తారు. రోజూ ఊరు ఆ చివరికి ఎలా వెళ్తారు?

సర్వసభ్య సమావేశం పెట్టకుండా సెక్రటరీ ఒక్కడి సంతకంతో పేరు మార్పు చెల్లుతుందా? జిల్లా రిజిస్ట్రార్‌కు ముందే అభ్యంతరం ఇవ్వొచ్చా? అర్జీ ఎలా రాయాలి? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.