'బ్లూ' ఎల్పీ రెండో వైపు పియానో ఊగుతోంది, తప్పు రికార్డుదా ప్లేయరుదా?

అందరికీ నమస్కారం. గాయని జోనీ మిచెల్ 1971లో తెచ్చిన 'బ్లూ' ఆల్బమ్ అంటే నాకు ప్రాణం, ఎన్నాళ్లో వెతగ్గా మొన్న దాని పాత ఎల్పీ (వినైల్ రికార్డు) ఒకటి దొరికింది. మొదటి వైపు ఐదు పాటలూ అద్భుతంగా ఉన్నాయి, 'క్యారీ'లో ఆవిడ వాయించిన డల్సిమర్ (ఒళ్లో పెట్టుకుని వాయించే తీగల వాద్యం) పక్కనే మోగినట్టుంది.

ఇబ్బందంతా రెండో వైపే. 'రివర్' మొదట్లో జింగిల్ బెల్స్‌ని దిగులుగా మార్చి పియానో మీద వాయిస్తుంది కదా, అక్కడ సాగే ప్రతి స్వరం కాస్త పైకీ కిందికీ ఊగుతోంది, చివరి పాటకొచ్చేసరికి ఇంకా ఎక్కువ. గిటార్ పాటల్లో అంతగా తెలియట్లేదు. దగ్గర కూర్చుని చూస్తే రికార్డు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా సూది ఉండే టోన్ ఆర్మ్ ఎడమకీ కుడికీ కదులుతోంది. పైకీ కిందికీ లేవట్లేదు కాబట్టి రికార్డు వంగలేదనే అనుకుంటున్నా. మిగతా రికార్డులు బాగానే పాడుతున్నాయి, ప్లేయర్‌ని తిప్పే బెల్టు కూడా కొత్తదే.

రెండో వైపుకి మధ్య రంధ్రం కాస్త పక్కకి పడిందంటారా? రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, రికార్డుని చేత్తో జరిపి సరిచేయొచ్చని విన్నాను, కానీ దీని మీద చెయ్యి వెయ్యాలంటే భయంగా ఉంది. ఎవరైనా చేశారా? దేంతో అరగదీశారు, ఎంతవరకు? దయచేసి చెప్పండి.