సెకండ్‌హ్యాండ్ ట్రయల్స్ బండి కొన్నాను, ఇంజన్ విప్పించాలా?

గుట్టల_సవారీ (సైనిక్‌పురి):

అందరికీ నమస్తే. నేను మౌలాలి గుట్ట పక్కన పెరిగినవాణ్ణి. బండరాయి కనిపిస్తే ఎక్కకుండా ఉండలేను. మూడేళ్లు డబ్బు కూడబెట్టి పోయిన నెల బెంగళూరులో ఒకాయన దగ్గర 2013 మోడల్ ట్రయల్స్ బండి కొన్నాను. కాలు కింద పెట్టకుండా బండలు ఎక్కించే పోటీల కోసం చేసిన బండి ఇది. ఇటలీ తయారీ, 250 సీసీ టూ-స్ట్రోక్, వాటర్ కూల్డ్. సీటు ఉండదు, బరువు సుమారు 70 కిలోలు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి రోడ్డు మీద నడపను. ఆదివారం టాటా ఏస్ మాట్లాడుకుని శామీర్‌పేట అవతల మా మేనమామ పొలానికి తీసుకెళ్తాను. ఆ పొలంలో సగం బండలే.

రెండో కిక్కుకే స్టార్ట్ అవుతుంది. చల్లగా ఉన్నంతసేపు బంగారం. ఇరవై నిమిషాలు తొక్కాక మాత్రం ఐడిల్ దానంతటదే పైకి పోతుంది, ఎక్సలేటర్ వదిలినా వెంటనే దిగదు. ప్లగ్ విప్పితే మొన మీద తెల్లగా ఉంది. గేర్ ఆయిల్ బూడిద రంగులో వచ్చింది. వారం తర్వాత తీస్తే క్లచ్ పట్టినా గేరు వేయగానే బండి ముందుకు దూకుతోంది.

అమ్మినాయన 200 గంటలు నడిచిందన్నాడు. మీటర్ లేదు, నమ్మడమే. మా వీధి మెకానిక్ ఫుల్ ఇంజన్ పనికి వచ్చిందంటున్నాడు. విప్పించాలా? ఇలాంటి ఇంజన్ అసలు ఎన్ని గంటలు వస్తుంది? పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలి? దీని మీద చాలా ఆశ పెట్టుకున్నాను, తప్పు పని చేసి పాడు చేసుకోవాలని లేదు.

ఆర్‌ఎక్స్_మలక్‌పేట:

అన్నా, మా ఇంట్లో ఆర్‌ఎక్స్ 100 ఉంది, నాన్న కొన్నది. టూ-స్ట్రోక్ అన్నాక బోరు, పిస్టన్ తప్పవు. మాది ఇప్పటికి రెండుసార్లు బోరు కొట్టించాం, ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. ఆయిల్ కొంచెం ఎక్కువే కలపండి, లీటరుకు 30 మి.లీ. ఎక్కువైతే ఇంజన్‌కి మంచిదే కదా.

లేత్_బాలానగర్:

సైనిక్‌పురి తమ్ముడూ, ముందు ఒక్క మాట. దయచేసి ఆ బ్లాకును బోరింగ్‌కి ఇవ్వకండి. మలక్‌పేట తమ్ముడు చెప్పింది ఆర్‌ఎక్స్‌కి నిజమే, అందులో ఇనుప లైనర్ ఉంటుంది, అరిగితే కోసి పెద్ద పిస్టన్ వేస్తాం. మీ బండిలో అల్యూమినియం గోడ మీద నికాసిల్ అనే పూత ఉంటుంది. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిసిన గట్టి పూత అది. మందం వెంట్రుకంత. దాన్ని మిషన్ మీద పెట్టి కోస్తే బ్లాకు చేజేతులా పాడు చేసుకున్నట్టే. మళ్లీ పూత వేయించే దాకా పనికిరాదు.

గంటల సంగతి. మట్టి ట్రాక్ మీద రేసుకి వాడే మోటోక్రాస్ బండిలో పిస్టన్‌ని 30, 40 గంటలకే మార్చేవాళ్లున్నారు, ఎందుకంటే అది ఎప్పుడూ పై ఆర్‌పీఎంలోనే తిరుగుతుంది. ట్రయల్స్ బండి ఎక్కువసేపు ఐడిల్‌కి కాస్త పైన ఉంటుంది. రాయి ఎక్కేటప్పుడు ఒక్క క్షణం గట్టిగా తిరిగి మళ్లీ దిగిపోతుంది. అందుకే బాగా చూసుకుంటే వందల గంటలు పిస్టన్ ముట్టుకోకుండా నడుస్తుంది. 200 గంటలు నిజమే అయితే అది వయసు కాదు.

మరి ఏది చంపుతుంది? దుమ్ము. ఇది నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఆరేళ్లుగా ఒక మిత్రుడి ట్రయల్స్ బండి నేనే చూస్తున్నాను. ఒక ఎండాకాలం ఫిల్టర్ కడిగి పెట్టేటప్పుడు అంచు సరిగా కూర్చోలేదు, ఒక మూల చిటికెన వేలు పట్టేంత సందు. ఆ నెలంతా అలాగే నడిచింది. రింగులు పోయాయి, పిస్టన్ మీద నిలువు గీతలు పడ్డాయి. మన రాళ్లు గ్రానైట్, అందులో క్వార్ట్జ్ ఉంటుంది, ఆ దుమ్ము కార్బ్యురేటర్ లోంచి వెళ్తే ఎమరీ పేపర్‌లా అరగదీస్తుంది. ఆ పిస్టన్ ఇంకా నా బెంచి మీదే ఉంది, పనికి వచ్చిన ప్రతి కుర్రాడికీ చూపిస్తాను. కాబట్టి తొక్కిన ప్రతిసారీ ఫోమ్ ఫిల్టర్ తీయండి. పెట్రోల్‌తో కడిగితే అతుకులు ఊడతాయి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండి, అంచు చుట్టూ గ్రీజు రాసి పెట్టండి. వాటర్ సర్వీసింగ్ వాళ్లకి బండి ఇవ్వకండి. ఎయిర్ బాక్స్ వెనక మడ్‌గార్డ్ కిందే ఉంటుంది, ప్రెషర్ నీళ్లు నేరుగా లోపలికి పోతాయి.

ఇక మీ రోగం. వేడెక్కాక ఐడిల్ ఎక్కడం, ప్లగ్ తెల్లబడటం, ఈ రెండూ కలిస్తే ఎక్కడో గాలి లాగుతోందని నా అనుమానం. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. అలాగే తొక్కితే పిస్టన్ పట్టేస్తుంది, అందుకని తేలేదాకా బండి తీయకండి. రెండు చోట్ల చూడాలి. ఒకటి కార్బ్యురేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బరు, రెండోది క్రాంక్ ఆయిల్ సీళ్లు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకి రెండు వైపులా ఉండే రబ్బరు రింగులు. మ్యాగ్నెట్ వైపు సీల్ పోతే గాలి లాగుతుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాగుతుంది, తెల్ల పొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది. గేర్ ఆయిల్ బూడిద రంగు క్లచ్ ప్లేట్ల అరుగుదల, దానికి భయం లేదు. పాలు కలిసిన టీలా ఉంటే నీళ్లు, అంటే వాటర్ పంపు సీల్.

ఇంజన్ విప్పకుండా చూసే పద్ధతి ఉంది. ఇంట్లో ముల్లున్న పాత బీపీ మిషన్ ఉందా? సైలెన్సర్ పైపు, కార్బ్యురేటర్ తీసేసి, ఆ రెండు రంధ్రాలకీ సైకిల్ ట్యూబు ముక్క, క్లిప్పులతో గట్టిగా మూత వేయండి. ప్లగ్ బిగించే ఉంచండి. పిస్టన్ కిందికి తెచ్చి, ఒక మూతలో సన్నని పైపు దూర్చి బీపీ బల్బుతో 280 దాకా కొట్టండి. అది సుమారు 5.4 పీఎస్‌ఐ. ముల్లు నిలబడాలి, నిమిషానికి 50 లోపు తగ్గితే పరవాలేదు. గబగబా పడిపోతే సబ్బు నీళ్లు కొట్టి బుడగలు ఎక్కడొస్తాయో వెతకండి. మ్యాగ్నెట్ తీసి వెనక కూడా చూడండి. తీసినప్పుడే క్రాంక్ మొనను పైకీ కిందికీ ఊపండి. కొంచెం కదిలినా మెయిన్ బేరింగు పోయినట్టే, అప్పుడు మాత్రం విప్పక తప్పదు.

ఆయిల్: 80కి 1, లీటరుకు 12.5 మి.లీ. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (టూ-స్ట్రోక్ ఆయిల్‌కి జపాన్ వాళ్ల గ్రేడ్) అని ఉన్న ఫుల్ సింథటిక్ వాడండి, సిరంజితో కొలవండి. మీ మాన్యువల్ వేరే లెక్క చెప్తే అదే పాటించండి. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ ఆయిల్ కాలదు, సైలెన్సర్‌లో జిగురై పేరుకుంటుంది, ప్లగ్ తడుస్తుంది. పైగా ఆయిల్ పెరిగిన మేర పెట్రోల్ తగ్గుతుంది కదా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అది మిశ్రమాన్ని ఇంకా పలచబరుస్తుంది, తేమ పీలుస్తుంది. అందుకే ఇంటికెళ్లే ముందు పెట్రోల్ కాక్ కట్టేసి, దానంతటదే ఆగేదాకా ఇంజన్ నడవనివ్వండి.

గండిపేట_ట్రైల్:

క్లచ్ గురించి నేను చెప్తాను. వారం ఊరుకుంటే ప్లేట్లు ఆయిల్‌తో అతుక్కుంటాయి. స్టార్ట్ చేసే ముందు గేరు వేసి, క్లచ్ పట్టి, బండిని ముందుకూ వెనక్కీ నాలుగుసార్లు ఊపండి, విడిపోతాయి. రేడియేటర్ ఫ్యాన్ కూడా చూసుకోండి. నడక వేగంలో తొక్కే బండికి ఎదురుగాలి ఉండదు, ఏప్రిల్ ఎండలో ఫ్యాన్ తిరగకపోతే పది నిమిషాల్లో పొంగిపోతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు, మన నీళ్లకి సున్నం కడుతుంది. డబ్బాలో వచ్చే రెడీమేడ్ కూలెంటే పోయండి.

ఇంకో మాట. మీరు సొంతవాళ్ల పొలంలో తొక్కుతున్నారు, చాలా మంచి పని. ఖాజాగూడ గుట్టల మీదికి మాత్రం ఎవరు పిలిచినా వెళ్లకండి. 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లవి, ఉన్న కొన్నింటినైనా మనం మిగుల్చుకోవాలి.

గుట్టల_సవారీ (సైనిక్‌పురి):

లేత్ అన్నా, నిన్న రాత్రి అమ్మ బీపీ మిషన్‌తోనే చూశాను. 280 కొడితే నిమిషంలో 90కి పడింది. కార్బ్యురేటర్ రబ్బరు దగ్గర ఏమీ లేదు. మ్యాగ్నెట్ తీసి సబ్బు నీళ్లు కొట్టగానే సీల్ చుట్టూ సన్నటి బుడగలు వరుసగా వచ్చాయి. క్రాంక్ ఊపి చూశాను, కదలిక లేదు. ఫిల్టర్ తీస్తే లోపలి వైపు శుభ్రంగానే ఉంది, అది చూశాక ప్రాణం కుదుటపడింది. ఖాజాగూడ మాట గుర్తుంచుకుంటాను అన్నా. సీల్ మీది సైజు ఫొటో తీసుకున్నాను. రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో అడగనా, బయటి నుంచి ఒరిజినల్ తెప్పించుకోనా?

లేత్_బాలానగర్:

రాణిగంజ్‌లో అదే సైజు దొరకొచ్చు. కానీ మామూలు నైట్రైల్ రబ్బరు తీసుకోకండి. వేడికీ పెట్రోల్‌కీ తట్టుకునే విటాన్ రబ్బరు, స్ప్రింగు ఉన్న డబుల్ లిప్ (రెండు పెదవులది) అని అడగండి, క్రాంక్ తిరిగే వేగమంతా పడేది ఆ పెదవి మీదే. అది లేదంటే ఒరిజినలే తెప్పించండి, ఆలస్యమైనా పరవాలేదు. పాతది లాగేటప్పుడు స్క్రూడ్రైవర్ క్రాంక్‌కి తగలనివ్వకండి, చిన్న గీత పడినా కొత్త సీల్ నిలవదు. కొత్తదాని పెదవికి గ్రీజు రాసి నిటారుగా దింపండి. వేశాక మళ్లీ బీపీ మిషన్ పెట్టి, ముల్లు ఎంత దగ్గర నిలిచిందో ఇక్కడ రాయండి.