మూడో తరగతికి జైలోఫోన్: ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక పలక ఎందుకు మోగడంలేదు?

కావలి టీచర్:
క్లాసులో 30 మంది. 8 పలకల చెక్క జైలోఫోన్లు 6 ఉన్నాయి, పలకలన్నీ స్క్రూలతో బిగించినవే. ఏ పాటతో మొదలుపెట్టమంటారు? ఇంకొకటి, రెండింటిలో 'గ' పలక టక్కుమంటుందే గాని మోగదు.

ఒంగోలు సంగీతం:
మేడమ్, పాట తర్వాత. ముందు మ, ని పలకల స్క్రూలు విప్పి పక్కన పెట్టండి. మిగిలేది స రి గ ప ద స, అంటే మోహన రాగం. పిల్లోడి కర్ర ఎక్కడ పడినా చెవికి గుచ్చుకోదు, భయం లేకుండా వాయిస్తాడు.

కర్రను, తల లేని కొస నుంచి మూడో వంతు దగ్గర, బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టాలి. అరచెయ్యి నేలవైపు. చూపుడువేలు కర్ర మీద చాపి నొక్కితే కర్ర ఎగరదు, నాదం అక్కడే చస్తుంది. కాలే పెనం తగిలితే చెయ్యి ఎలా లాక్కుంటామో అలా పలక మధ్యలో తగిలించి లేపెయ్యాలి.

మొదటి పాఠం ఎడమచేత్తో స, కుడిచేత్తో ప, రెండూ ఒకేసారి. ఆది తాళంలో, అంటే ఎనిమిది అక్షరాల (లెక్కల) చుట్టులో, 1, 5 అక్షరాల మీద మాత్రమే. తంబూరా శ్రుతిలా నిలుస్తుంది. వాయిద్యానికి అయిదుగురు: ఒకరు వాయిస్తే మిగతావాళ్ళు తొడల మీద అదే దెబ్బ వేస్తూ నోటితో లెక్క చెప్పాలి. నాలుగు ఆవర్తాలకు (తాళం చుట్లకు) ఒకసారి మార్చండి. అక్షరానికి సెకను చొప్పున 160 సెకన్లలో అయిదుగురికీ వంతు వస్తుంది. చేతులు ఖాళీగా ఉంటేనే గోల.

నెల్లూరు వాద్యాల రిపేరు:
'గ' సంగతి చెప్తా. స్క్రూ బిగుసుకుపోయి ఉంటది, అర చుట్టు వదులు చెయ్యండి. పలక కింద ఫెల్ట్ (మెత్తటి ఉన్ని గుడ్డ) నలిగిపోయుంటే మార్చండి. అయినా మోగకపోతే రంధ్రం తప్పు చోట ఉందని. పలక విప్పి, స్పాంజి ముక్కల మీద పెట్టి, చిటికెడు ఉప్పు చల్లి మధ్యలో మెల్లిగా కొడతా ఉండండి. ఉప్పు జరిగి రెండు అడ్డగీతలుగా చేరతది. కదలని చోటు అదే, పలక అక్కడే ఆనాలి. మందం ఒకే తీరుగా ఉండే 20 సెంటీమీటర్ల పలకకి చివర్ల నుంచి దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు.

ఆకురాయి మాత్రం పెట్టబాకండి. కింద మధ్యలో గీకితే స్వరం దిగతది, చివర్లు గీకితే ఎక్కతది, గీకిన చెక్క తిరిగి రాదు. వానల్లో చెక్క తేమ పీల్చి స్వరం కాస్త దిగతది, అది చూసి కంగారుపడబాకండి. కర్రల తలలు రబ్బరువే వాడండి, ఇనప తల పలకని సొట్టలు పెడతది.

కావలి టీచర్:
ఒకటి స్క్రూ వదులు చేయగానే మోగింది సార్. రెండోదానికి ఉప్పు గీత రంధ్రానికి సెంటీమీటరు లోపలగా చేరింది.

నెల్లూరు వాద్యాల రిపేరు:
గీత మీదే కొత్త రంధ్రం వేయించండి, స్క్రూ కంటే ఒక మిల్లీమీటరు వెడల్పుగా. కింద పట్టీలో స్క్రూ కూడా అక్కడికే జరగాల. పాత రంధ్రం అట్టే ఉండనీయండి.